సారు చదవని సొట్ట

మా ఆఫీసు జీపు పొడవు పదకొండు అడుగులు. అడుగుకు అరంగుళం లెక్కన నేను చేసిన జీపు ఐదున్నర అంగుళాలు. హనుమకొండలో పన్నెండేళ్లు నడిచిన చిన్న బండ్ల పోటీ ఆ ఐదున్నర అంగుళాల దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ముగ్గురికే తెలుసు. వాళ్లలో ఒకరు ఇప్పుడు లేరు, ఒకరు ఆ మాట ఎత్తరు. మిగిలింది నేను. నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఎక్కువని మా అమ్మ అంటుండేది. ఆ నోరు అవసరమైన రోజున ఎట్లా మూతపడిందో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు పోటీ గురించి చెప్పాలి. మా చర్చి ఆవరణలో రేకుల కప్పు హాలు ఒకటుండేది. క్రిస్మస్ అయిపోయాక, కొత్త సంవత్సరం రాకముందు మూడు రోజుల పాటు పాదరీ గారు ఆ హాలు మాకిచ్చేవారు. బల్లల మీద తెల్ల దుప్పట్లు పరిచి, వాటి మీద లారీలు, బస్సులు, కార్లు, జీపులు, ట్రాక్టర్లు వరసగా పెట్టేవాళ్లం. అన్నీ చేత్తో చేసినవే. నూనె డబ్బా రేకు, రబ్బరు చెప్పు ముక్క, టార్చిలైటు బల్బు, దవాఖానలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు, ఇవీ మా సరుకులు. ఫిల్మును వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే నలుపంతా పోయి అద్దంలా తేలుతుంది. మా బండ్ల అద్దాలన్నీ ఒకప్పుడు ఎవరివో ఒకరి ఛాతీలు, మోకాళ్లే.

కాజీపేట, డోర్నకల్ రైల్వే ఫిట్టర్లు వచ్చేవారు. లారీ బాడీలు కట్టే వడ్రంగులు వచ్చేవారు. ఖిలా వరంగల్ నుంచి ఒక దర్జీ వచ్చేవాడు, ఆయన ప్రతి ఏడూ కోట చూడటానికి వచ్చే టూరిస్టు బస్సే చేసేవాడు, ఇంకోటి చేయమంటే కోపమొచ్చేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బస్సులెక్కి చూడటానికి వచ్చేవారు. మూడోరోజు సాయంత్రానికైతే హాల్లో కాలు పెట్టే సందుండేది కాదు.

దీన్ని మొదలుపెట్టింది మిషన్ స్కూల్లో డ్రాయింగ్ చెప్పే సారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు. డెబ్బైల మొదట్లో నాలుగు బండ్లతో మొదలైన పోటీకి ఆయన పెట్టిన నియమాలు రెండే. బండి మన రోడ్ల మీద తిరిగేదై ఉండాలి, కేలండర్లో కనిపించే కారు పనికిరాదు. ఇక రెండోది, ఉన్నది ఉన్నట్టు చేయాలి. కొత్త బండిని చేయడం ఎవరికైనా వస్తుందని సారు నమ్మకం. పాత బండిని పాతగా చేయడమే పనితనం.

అందుకోసం కొలత రోజు అని ఒకటుండేది. బండిని కొలుచుకునే రోజున సారు కూడా వచ్చి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని లోపాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. ఎడమ మడ్‌గార్డు మీద గీత. వెనక అద్దం పగులు. హారన్ దగ్గర తుప్పు. మేము చేసే బండి ఆ రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. తర్వాత అసలు బండికి రిపేరు చేయించినా, రంగు వేయించినా మాకు సంబంధం లేదు. ఆ నోటుబుక్కు మళ్లీ మూడోరోజు సాయంత్రం దాకా తెరిచేవారు కాదు.

ఆ సాయంత్రాన్ని మేం చదివింపులు అనేవాళ్లం. పెళ్లిలో కట్నాలు చదివినట్టు ఇక్కడ సొట్టలు చదివేవారు. సారు బుక్కు తెరిచి ఒక్కో లోపం చదువుతారు. ముందు వరసలో వాళ్లు బల్ల మీదికి ఒంగి చూసి, ఉంటే "ఉన్నది" అని కేకేస్తారు. లేకపోతే "లేదు". సారు ఆ మాట పక్క గడిలో రాసుకుంటారు. ఉన్న ప్రతి సొట్టకూ అసలు బండి డ్రైవరు లేచి, అదెట్లా పడిందో చెప్పాలి, వట్టి తుప్పుకూ పగులుకూ అక్కర్లేదు. డ్రైవరు రాని బండి పోటీలో లేనట్టే. నిజానికి జనం వచ్చేది అందుకే. ఒకసారి ఒక లారీ డ్రైవరు లేచి, "మా బామ్మర్ది నేర్సుకుంట అంటే స్టీరింగ్ ఇచ్చిన, గోడ నేర్సుకున్నది" అన్నాడు. ఆ బావమరిది కూడా హాల్లోనే ఉన్నాడు. ఆ మాట హనుమకొండ బస్టాండులో ఏడాది పాటు నడిచింది.

నేను ట్రేసర్‌ని. కాలువలు తవ్వించే ఇంజనీర్ల ఆఫీసులో పని. ఇంకొకరు గీసిన గీత మీద ట్రేసింగు బట్ట పరిచి, ఆ గీత మీదే మళ్లీ గీత గీయడం నా ఉద్యోగం. కాలువ పక్కకు పోతే బాగుండునని నాకనిపించినా పక్కకు గీయకూడదు. నా బల్ల ముందున్న కిటికీ తీస్తే ఇంకో ఆఫీసు వెనక గోడ. ఏళ్ల తరబడి ఆ గోడనే చూశాను, ఎక్కడెక్కడ సున్నం పెచ్చులూడిందో కళ్లు మూసుకుని గీయగలను. ఇంటికొస్తే రెండు గదులు, అమ్మ, అమ్మ దగ్గు. నాన్న డోర్నకల్‌లో రైల్వే ఫిట్టరు. ఆయన పోయాక ఇద్దరం హనుమకొండ వచ్చేశాం. పెళ్లి కాలేదు. అదంతా వేరే సంగతి, ఇక్కడ అక్కర్లేదు. ఏడాదిలో నాకు ఊపిరాడేది ఆ మూడు రోజులే. నా చేతులు నా సొంత గీతలు గీసేది ఆ బండ్ల మీదే. మొదటి కొన్నేళ్లు పోటీలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. సారు ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు, అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

పన్నెండో ఏడు మా ఆఫీసు జీపు చేద్దామనుకున్నాను. సర్కారు బండిని కొలవాలంటే అనుమతి కావాలి కదా. భయపడుతూనే ఇంజనీరు గారిని అడిగాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మంచి ఒడ్డూ పొడుగూ, గొంతు విప్పితే వరండా చివరి దాకా వినిపించేది. "చెయ్యమ్మా, నేనూ వచ్చి చూస్తా" అన్నారు. ఆ మాట నేను సంబరంగా వెళ్లి పాదరీ గారికి చెప్పాను. పాదరీ గారు ఇంకా సంబరపడి, ఆ ఏడు ప్రైజులు ఇవ్వడానికి ఆయన్నే పిలిచారు. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలియలేదు.

కొలత రోజు అక్టోబరులో ఒక సోమవారం. సారు పొద్దున్నే వచ్చేశారు. జీపు షెడ్డులో ఉంది. మా డ్రైవరు నన్ను చూసి, "అక్కా, ఇయ్యాల వద్దు, రేపు చూసుకోరాదూ" అన్నాడు. నాకంటే ఐదారేళ్లు చిన్న, తమ్ముడూ అనే పిలిచేదాన్ని. తొమ్మిదేళ్లుగా దినకూలీ మీదే నడుపుతున్నాడు. సారు అప్పటికే బుక్కు తెరిచారు. జీపు ముందు బంపరు కుడివైపు లోపలికి ఒంగి ఉంది, దీపం చుట్టూ ఉన్న రింగు నొక్కుకుపోయి ఉంది. ఇదెట్లా పడిందని సారు అడిగితే, "గొడ్డు అడ్డమొచ్చింది సార్" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ. సారు రాసుకున్నారు. నేను కొలుచుకున్నాను. వారం తిరక్కుండా బంపరు సాపు చేయించారు, జీపుకు కొత్త రంగు కూడా వేయించారు. ఆ సొట్ట ఇక లోకంలో రెండే చోట్ల ఉంది, సారు నోటుబుక్కులో, నా చేతుల్లో.

సొట్ట తీయడం కంటే పెట్టడం కష్టం. సుత్తి దెబ్బ ఎక్కువైతే రేకు చినుగుతుంది, తక్కువైతే సొట్టలా కాక గీరుకుపోయినట్టు కనిపిస్తుంది. నాలుగు బంపర్లు పాడుచేశాక ఐదోది కుదిరింది. జీపు పైకప్పుకు ట్రేసింగు బట్ట వాడాను. దాన్ని ఉతికితే గంజి పోయి మెత్తటి నూలుగుడ్డ మిగులుతుంది, టీ డికాషన్‌లో ముంచితే అచ్చం మా జీపు గుడ్డ రంగే. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ఆ జీపే చెప్తాను.

డిసెంబరు సగంలో ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకు వెళ్లిన వేళ, డ్రైవరు తమ్ముడు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, చిన్న బండ్ల కాడికి మన ఇంజనీరు సారు వస్తాండట గదా?"

"వస్తాండు. ప్రైజులు ఆయననే ఇస్తడు."

"నువ్వు ఆ సొట్ట కూడ పెట్టినవా?"

"పెట్టకుంట ఎట్లుంట? దానికే పది రోజులు పట్టింది."

వాడు చుట్టూ చూసి, నా బల్ల పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "గొడ్డు రాలే అక్కా. ఆ ఆదివారం సారు ఇంటోళ్లను తీస్కోని డోర్నకల్‌ల పెండ్లికి పోయిండు. తనే నడిపిండు. రైల్వే గేటు కాడ ఎనుకకు తీయబోయి ముందుకు తీసిండు, స్తంభానికి గుద్దిండు. నేను బండ్ల లేనే లేను. లాగ్‌బుక్కుల ఆ దినం బండి షెడ్డులనే ఉన్నట్టు రాసి ఉన్నది. ఆడిటోళ్లు వచ్చేటట్టున్నరు, ఎవ్వరికి చెప్పకు అన్నడు. నేను నా పెండ్లానికి కూడ చెప్పలే."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చదివింపుల్లో డ్రాయింగ్ సారు ఆ వరుస చదువుతారు. హాలంతా ఉన్నది అంటుంది. వీడు లేచి నిలబడాలి. ఎదురుగా కుర్చీలో ఇంజనీరు గారుంటారు.

"నా పర్మనెంటు కాయితం ఆయన టేబుల్ మీదనే ఉన్నది అక్కా, సంతకం ఒక్కటే తక్కువ. గొడ్డు అని చెప్తే, మరి రిపోర్టు ఎందుకియ్యలేదు అంటరు. నిజం చెప్తే ఇగ నా బతుకు అంతే. అసలు ఆ సొట్ట జూస్తెనే నేనే నీకు చెప్పిన అనుకుంటడు. జర సీదా చేసెయ్యి అక్కా. నీ కాళ్లు మొక్కుత."

వాడు నిజంగానే వంగబోయాడు. కసురుకుని లేపాను. చూస్తానని చెప్పి పంపించి, బల్ల ముందు కూర్చుని ఆ గోడ వంక చూస్తూ ఉండిపోయాను. అన్నం డబ్బా మూత తీయలేదు.

ఎటు కదిలినా దారి లేదు. జీపును పోటీ నుంచి తీసేద్దామంటే, ఇంజనీరు గారు వచ్చేదే తన జీపు చూడటానికి. తమ్ముణ్ణి రావద్దందామంటే, డ్రైవరు లేని బండి పోటీలో ఉండదు, ఎందుకు రాలేదని ముందు అడిగేది ఆయనే. బంపరు సాపు చేస్తే హాలు "లేదు" అంటుంది, మార్కులు పోతాయి, లేని సొట్టకు కథ అడగరు కనుక తమ్ముడు లేవనక్కర్లేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ సారు ఆ వరుస పైకి చదవడం మాత్రం తప్పదు. అది ఇంజనీరు గారి చెవిన పడటం తప్పదు. నాకు కోపమొచ్చింది. ఇంజనీరు గారి మీద, తమ్ముడి మీద, అన్నిటికంటే ఎక్కువగా అంత చక్కగా కుదిరిన ఆ బంపరు మీద.

మర్నాడు సాయంత్రం సారు ఇంటికెళ్లాను. ఆ ఒక్క వరుస చదవొద్దని అడుగుదామనే వెళ్లాను. సారు వసారాలో కూర్చుని, పోటీ కోసం స్కేళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్లావిడ టీ ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే సారు నోటుబుక్కు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మంచిగ వచ్చినవు బిడ్డా. నేనే పిలుద్దామనుకుంటాన. నాకు రిటైర్మెంటు దగ్గర పడ్డది. వచ్చే ఏటి సంది ఈ బుక్కు నువ్వు చదవాలె."

"నేనా సార్? అంత మంది ఫిట్టర్లుండంగ?"

"ఫిట్టర్లకు చేతులు మంచియి. కని దోస్తు బండి అయితే మొకమాటపడుతరు. నీకు మొకమాటం లేదు. ఉన్నది ఉన్నదంటవు, లేనిది లేదంటవు. నీ నోటికి అందరు భయపడుతరు గద."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ టీ ఎట్లా తాగానో నాకే తెలియదు. ఒక మనిషి నన్ను అంత మంచిదాన్ని అనుకోవడం అదే మొదటిసారి. అది నా మీద తాళం వేసినట్టయింది. అడగలేకపోయాను. వీధి మలుపు దాకా వచ్చి, వెనక్కి వెళ్దామా అని నిలబడి, మళ్లీ ఇంటి దారి పట్టాను.

పోటీకి ముందు ఆదివారం, తలనొప్పి అని చెప్పి, అమ్మను ఒక్కదాన్నే ఆరాధనకు పంపించాను. చర్చి మా ఇంటికి దగ్గర. పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. జీపును బల్ల మీద పెట్టుకుని, బంపరు కింద చెక్కముక్క ఆనించి, చెంచా వెనక భాగంతో రుద్దుతూ సొట్ట తీసేశాను, దీపం రింగునూ గుండ్రంగా సవరించాను. రెండో పాట అయ్యేలోపే అయిపోయింది. చేయడానికి పది రోజులు పట్టింది. రంగు వేశాను. అయినా బంపరుకు అడ్డంగా ఒక సన్నని మడత గీత మిగిలింది. ఎంత రుద్దినా అది పోలేదు. గట్టిగా రుద్దితే రేకు తెగుతుంది. అక్కడితో వదిలేశాను. అమ్మ తిరిగొచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది. నాకు ఏడుపొచ్చింది, తలనొప్పికే అనుకుంది.

చదివింపుల సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. పోటీదారులం బల్లల వెనక, గోడకు ఆనుకుని నిలబడాలి. ముందు బల్ల, వెనక గోడ, అటూ ఇటూ జనం. బయటికి పోవాలన్నా పోలేని చోటు. నా పక్కనే డ్రైవరు తమ్ముడు, ఉతికిన ఖాకీ బట్టల్లో. అంత చలిలోనూ వాడి మెడ మీద చెమట. ఎదురుగా మొదటి వరసలో, పాదరీ గారి పక్కన ఇంజనీరు గారు. మెడలో బంతిపూల దండ.

సారు ఒక్కో బల్ల దగ్గరికి వస్తున్నారు. దర్జీ టూరిస్టు బస్సు అయింది, అదే బస్సు, అవే సొట్టలు, అయినా జనం అంతే నవ్వారు. ట్రాక్టరు అయింది. నా జీపు ముందుకొచ్చారు. చదవడానికి ముందు ప్రతి బండినీ చేతిలోకి తీసుకుని చూడటం ఆయన అలవాటు. జీపు తీసుకున్నారు. పైకప్పు గుడ్డ చూసి తలూపారు. ముందుకు తిప్పారు. బంపరు మీద బొటనవేలు పెట్టి కుడికి జరిపారు, ఆ మడత గీత దగ్గర వేలు ఆగింది.

సారు నా వంక చూశారు. మర్చిపోతే గీత ఉండదు. గీత ఉందంటే సొట్ట చేసి, తీసేసినట్టు. అది ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకూ తెలుసు. తర్వాత ఆయన తమ్ముడి ముఖం చూశారు. వాడు ఇంజనీరు గారి వైపే చూస్తున్నాడు. సారు మెల్లగా జీపును కింద పెట్టి బుక్కు తెరిచారు.

"ఎడమ తలుపు కాడ రంగు లేచింది."

"ఉన్నది."

"స్టెప్నీ కింద తుప్పు."

"ఉన్నది."

"ముంగటి అద్దం మూలకు పగులు."

"ఉన్నది."

తర్వాతి వరుస నాకు తెలుసు. సారు పెన్సిలు ఆ వరుస మీద పెట్టారు. హాలు ఎదురుచూస్తోంది.  చదవండి సార్ అని అరవాలనిపించింది, చదవకండి సార్ అని కూడా అనిపించింది. ఒక్క మాట చాలు, నేను తీసేశాను, తప్పు నాది అంటే సరిపోయేది. నోరు పెగల్లేదు. సారు పెన్సిలు ఎత్తి, కింది వరుసకు పోయారు.

"ఎనుక నంబరు ప్లేటు ఒక మొల లేదు."

"ఉన్నది," అని హాలు కేకేసింది, లేని మేకుకు ఉన్నది అన్నందుకు మళ్లీ తనే నవ్వుకుంది. తమ్ముడు పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఏడు మొదటి ప్రైజు నా జీపుకే వచ్చింది.

ప్రైజు ఇవ్వడానికి ఇంజనీరు గారు బల్ల దగ్గరికొచ్చారు. జీపును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ముందుభాగం దగ్గరికొచ్చేసరికి ఆగి నా వంక చూశారు.

"ఏమ్మా, నా సొట్ట ఏమైంది?"

 ఆయన పాదరీ గారి వైపు తిరిగి, వరండా చివరి దాకా వినిపించే ఆ గొంతుతోనే చెప్పారు. "డోర్నకల్ గేటు దగ్గర స్తంభానికి నేనే గుద్దానండీ. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఒక్కపూట ఇంటికి తీసుకెళ్లి, అది చూపించి ఆవిణ్ణి నవ్విద్దామని వచ్చాను. అదొక్కటే మర్చిపోయావమ్మా." పాదరీ గారు నవ్వారు. ముందు వరసలు నవ్వాయి. ఆయన కూడా హాయిగా నవ్వి, నా చేతిలో ప్రైజు పెట్టి, భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆడిటు వాళ్లు నవంబరులోనే వచ్చి పోయారు. ఆ వారం రోజులు ఆయనా భయపడ్డారు, అది అయిపోగానే మర్చిపోయారు. భయపడటం మరిచిపోవడం మాలాంటివాళ్లకు రాదు. ఆయనకు లేని సిగ్గును ఆయన తరఫున మేం ముగ్గురం మోశాం. తమ్ముడి కాగితం మీద జనవరిలో సంతకం పెట్టారు. సొట్ట ఉన్నా పెట్టేవారే.

చివర్లో వేదికెక్కి వచ్చే ఏడు పోటీ ఎప్పుడో చెప్పడం సారు అలవాటు. ఆ రోజు వేదిక ఎక్కలేదు. కింద నిలబడే, "వచ్చే ఏడు పోటీ ఉండది" అన్నారు. జనం ఇదేదో హాస్యమనుకున్నారు. పాదరీ గారు కంగారుగా ఎందుకని అడిగితే, చూపు ఆనడం లేదన్నారు. మా ఇద్దరి ముఖాలు చూసి సంగతంతా పట్టుకున్న మనిషి చూపు ఆనడం లేదంటే అందరూ నమ్మారు.

వారం తర్వాత ఆయన ఇంటికెళ్లాను. ఈసారి నోరు తెరిచాను.

"తప్పు నాది సార్. నా మీది కోపంతోని పోటీ ఎందుకు ఆపుతరు?"

"నీదొక్కదానిదే అయితే ఆ వరుస చదివి, లేదు అని రాసి, మార్కులు కోసి ఊకుందును. నేను దాటేసిన గద. వాని మొకం చూసిన, నీ మొకం చూసిన, దాటేసిన. వచ్చే ఏడు ఇంకొకని మొకం చూస్త. ఇగ ఆ బుక్కుకు ఏం ఇలువున్నది?"

"నేను చదువుత సార్. మీరే అన్నరు గద."

ఆయన నా వంక చాలాసేపు చూశారు. అందులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"చదువుతవా?" అన్నారు.

నేను అక్కడున్న స్కేళ్ల వంక చూశాను. ఆయన స్కేళ్లన్నీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నారు. ఆ పెట్టె మళ్లీ తెరవగా నేను చూడలేదు.

మరుసటి డిసెంబరులో ఆ హాల్లో కుట్టుపని క్లాసులు పెట్టారు. దర్జీ తెలియక టూరిస్టు బస్సు పట్టుకుని వచ్చి, గేటు దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయాడట. అది విన్న రోజున నేను ఆఫీసులో ఒక కాలువను పక్కకు గీశాను, పన్నెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి. మళ్లీ గీయమన్నారు, గీశాను. డ్రైవరు తమ్ముడు ఎప్పుడు ఎదురుపడినా "బాగున్నవా అక్కా" అని ఆగకుండానే వెళ్లిపోయేవాడు. అందులో వాడి తప్పేం లేదు. నేనూ ఆగమనలేదు.

ఎనభైల చివర్లో సారు పోయారు. దినాలయ్యాక వాళ్లావిడ నన్ను పిలిచి, ఒక పాత కాగితంలో చుట్టి ఆ నోటుబుక్కు చేతికిచ్చింది. అది నాకివ్వమని ముందే చెప్పి పెట్టారట. ఇంటికి తెచ్చి, తలుపేసుకుని తెరిచాను. పన్నెండేళ్ల బండ్లు, వాటి సొట్టలు. పక్క గడిలో ప్రతి వరుసకూ ఉన్నది అనో లేదు అనో సారు అక్షరాలు, అన్నీ ఒకే ఎత్తు. చివరి పేజీల్లో నా జీపు ఉంది. ముంగటి బంపరు కుడి దిక్కు లోపలికి ఒంగింది, దీపం రింగు నొక్కుకుపోయింది. దాని పక్క గడి ఖాళీ. పరీక్షగా చూస్తే, మధ్యలో పెన్సిలు మొన ఆనించిన చుక్క ఒకటి కనిపించింది. ఆయన రాయబోయి ఎత్తేశారు.

ఆ గడి నింపమనే ఆ బుక్కు నాకిచ్చారని నాకు తెలుసు. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. ఉన్నది అని రాస్తే అబద్ధం. లేదు అని రాస్తే నిజమే, కానీ అది రాయాల్సిన రోజు వేరు, చోటు వేరు, అప్పుడు నా ఎదురుగా హాలు నిండా మనుషులున్నారు. మొన ఆ చుక్క మీదే పెట్టాను. చెయ్యి కదల్లేదు. బుక్కు మూసి, జీపు పక్కన అల్మరాలో పెట్టాను. ఏటా డిసెంబరులో తీస్తాను, ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.